మంచు కొండల్లో ప్రాణదాతలు - సెయింట్ బెర్నార్డ్ కుక్కలు

ఈసారి మన గోడపత్రికలో జంతువుల శీర్షికకు నేను సెయింట్ బెర్నార్డ్ కుక్క గురించి రాస్తున్నాను. ఈ కుక్క బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. పెద్ద తల, తెల్లని ఒంటి మీద ఎర్రటి మచ్చలు, మెడకి కట్టిన చిన్న పీపా. మంచులో పడిపోయిన మనిషి పక్కన నిలబడి ఉంటుంది. ఆ బొమ్మలో మనిషిని కాపాడటం నిజం. పీపా మాత్రం అబద్ధం. అదెలాగో చివరిదాకా చదవండి, తెలుస్తుంది.

ఎక్కడి కుక్క?

యూరప్ ఖండంలో ఆల్ప్స్ అనే పెద్ద పర్వతాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్, ఇటలీ దేశాల సరిహద్దులో ఆ పర్వతాల మీదుగా ఒక కనుమ దారి ఉంది. దాని పేరు గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ. ఎత్తు 2,469 మీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. దీన్నిబట్టి అది ఎంత ఎత్తో ఆలోచించండి.

మనం మంచు అంటే చలికాలం పొద్దున్నే కమ్ముకునే పొగమంచు అనుకుంటాం. ఎండ రాగానే అది పోతుంది. ఆల్ప్స్ మంచు అలాంటిది కాదు. పిండి జల్లించినట్టు తెల్లగా రాలి, రోజుల తరబడి పేరుకుపోతుంది. కనుమలో కొన్నిచోట్ల ఇంటికన్నా ఎత్తుగా పేరుకుంటుంది. చలి సున్నాకన్నా 20, 30 డిగ్రీలు కిందికి దిగుతుంది. పేరుకున్న మంచు ఒక్కోసారి కొండవాలు నుండి ఊడి, చరియలాగా కిందికి దూకుతుంది. దాని కింద పడితే మనిషి పూడుకుపోతాడు. పది నిమిషాల్లో తవ్వి తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే గాలి ఆడక చాలామంది చనిపోతారు. అందుకే అక్కడ మనిషిని తొందరగా వెతకడమే అసలు పని.

సత్రం కథ

ఆ దారిన వ్యాపారులు, సైనికులు, రోమ్ నగరానికి వెళ్లే యాత్రికులు నడిచేవాళ్లు. మంచులో కొందరు పోయేవాళ్లు, దొంగల చేతిలో కొందరు పోయేవాళ్లు. అది చూసి బెర్నార్డ్ అనే క్రైస్తవ గురువు సుమారు 1050లో కనుమ పైన ఒక సత్రం పెట్టించాడు. ఎవరు వచ్చినా డబ్బు అడక్కుండా తిండి, పడక ఇచ్చేవారు. 1681లో ఆయన్ను పునీతుడని ప్రకటించారు. సెయింట్ అంటే పునీతుడు. 1923లో పోప్ ఆయన్ను కొండలు ఎక్కేవారి రక్షకుడిగా ప్రకటించారు.

మీకు తెలుసా? కుక్కకి బెర్నార్డ్ పేరే వచ్చింది గానీ ఆయన ఈ కుక్కల్ని చూడనేలేదు. ఆయన పోయిన సుమారు 600 ఏళ్లకి గానీ సత్రంలోకి ఇవి రాలేదు.

కుక్కలు ఏం పని చేసేవి?

సత్రంలోకి కుక్కలు సుమారు 1660, 1670 ప్రాంతంలో వచ్చాయి. 1695లో గీసిన ఒక బొమ్మలో, 1707 నాటి సత్రం రాతల్లో ఇవి కనిపిస్తాయి. కింది లోయల్లో రైతులు పశువుల కాపలాకు, బండి లాగడానికి పెంచుకునే పెద్ద కుక్కలే ఇవి. మొదట దొంగల నుండి కాపలాకే వీటిని తెచ్చారు. వంటింట్లో కూడా పని చేశాయంట. కుక్క ఒక చక్రంలో నడుస్తుంటే దానితోపాటు మాంసం కాల్చే చువ్వ తిరిగేది.

సత్రం సేవకులు బాటసారులకి ఎదురు వెళ్లేటప్పుడు కుక్కల్ని వెంట తీసుకెళ్లేవారు. అప్పుడు వాటి అసలు గొప్ప బయటపడింది. దారి మంచు కింద పూడిపోయినా, కన్ను కనపడనంత పొగమంచు ఉన్నా కుక్కలు దారి తప్పేవి కావు. అవి ముందు నడిచి ఛాతీతో మంచు తోసుకుంటూ పోతే మనుషులు ఆ జాడలో నడిచేవాళ్లు. మంచు కింద పూడిన మనిషి వాసన పట్టేవి. కాళ్లతో తవ్వేవి. మనిషిని నాకి లేపి, పక్కనే పడుకుని ఒంటి వేడి ఇచ్చేవి. ఒక కుక్క అక్కడే ఉంటే ఇంకో కుక్క సత్రానికి పరుగెత్తి మనుషుల్ని పిలుచుకు వచ్చేది.

వీటికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చేవారు కాదంట. కుర్ర కుక్కలు పెద్ద కుక్కల వెంట వెళ్లి, చూసి నేర్చుకునేవి. మన ఊళ్లలో చిన్నపిల్లలు పెద్దవాళ్ల వెనకాల అడవికి వెళ్లి ఏ దుంప తినాలో, ఏది తినకూడదో నేర్చుకున్నట్టే ఇదీ. ఇలా సుమారు రెండు వందల ఏళ్లలో రెండు వేల మంది దాకా ప్రాణాలు దక్కాయని చెబుతారు.

బారీ

ఈ కుక్కలన్నిటిలో పేరు పొందినది బారీ. ఇది 1800లో పుట్టింది. అదే ఏడాది మే నెలలో నెపోలియన్ సుమారు 40,000 మంది సైనికులతో ఈ కనుమ దాటి ఇటలీ మీదకి వెళ్లాడు. బారీ 40 మందికి పైగా కాపాడిందని ప్రసిద్ధి.

బారీ ఎలా చనిపోయింది? ఒక కథ ఉంది. మంచులో పడిన ఒక సైనికుణ్ణి లేపబోతే, అతను తోడేలు అనుకుని కత్తితో పొడిచాడని చెబుతారు. పారిస్ దగ్గర కుక్కల శ్మశానంలో బారీకి ఒక పెద్ద రాతి విగ్రహం ఉంది. 40 మందిని కాపాడితే 41వ వాడు చంపాడని దాని మీద చెక్కారు. చదివితే ఏడుపు వస్తుంది. కానీ అది జరగలేదు. ముసలిదై అలసిపోయిన బారీని 1812లో సత్రం పెద్ద బెర్న్ నగరానికి పంపాడు. అక్కడ రెండేళ్లు విశ్రాంతిగా బతికి 1814లో ముసలితనంతో చనిపోయింది. దాని చర్మంతో చేసిన రూపం ఇప్పటికీ బెర్న్ నగరంలోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. రాతి మీద చెక్కినంత మాత్రాన ఏదీ నిజం అయిపోదని దీని వల్ల తెలుసుకోవాలి.

పీపా ఎక్కడి నుండి వచ్చింది?

1820లో ఎడ్విన్ లాండ్‌సీర్ అనే ఇంగ్లండు కుర్రవాడు ఒక బొమ్మ గీశాడు. అప్పటికి అతని వయసు పదిహేడు, పద్దెనిమిదే. మంచులో పడిన బాటసారి, రెండు కుక్కలు. అందులో ఒక కుక్క మెడకి చిన్న సారా పీపా గీశాడు. బొమ్మకి ఎంత పేరు వచ్చిందంటే లోకమంతా పీపా నిజమే అనుకుంది. సత్రం కుక్కలు పీపాలు మోయలేదని అక్కడి గురువులే చెప్పారు.

ఇంకో ముఖ్య విషయం. చలికి కొయ్యబారిన మనిషికి సారా పట్టకూడదు. సారా తాగితే చర్మం కింద రక్తనాళాలు వెడల్పు అవుతాయి. లోపలి వేడి రక్తం చర్మం దగ్గరికి వచ్చి చల్లబడిపోతుంది. పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపల ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. చలికి ఒక చుక్క వేసుకుంటే మంచిదని మన పెద్దవాళ్లు కూడా అంటారు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట వాళ్లకి చెప్పండి.

కుక్క ఇంత పెద్దది ఎలా అయింది?

బారీ బరువు 40 నుండి 45 కిలోలే. మన హాస్టల్‌కి వచ్చే 50 కిలోల బియ్యం బస్తా కన్నా తక్కువ. ఇప్పటి సెయింట్ బెర్నార్డ్ మగకుక్క 65 నుండి 80 కిలోలు, ఇంకా ఎక్కువ కూడా తూగుతుంది. అంటే బస్తాన్నర!

1816 నుండి 1818 వరకు చలికాలాలు చాలా కఠినంగా వచ్చాయి. మంచు చరియల కింద సత్రం కుక్కలు చాలా చనిపోయాయి. మిగిలిన వాటిని తర్వాత కాలంలో న్యూఫౌండ్‌లాండ్ అనే పొడుగు వెంట్రుకల జాతితో కలిపారు. వెంట్రుకలు ఎక్కువైతే చలి ఆగుతుందని అనుకున్నారు. కానీ ఆ వెంట్రుకలకి మంచు ఉండలు ఉండలుగా పట్టి, బరువెక్కి, కుక్క నడవలేకపోయింది. అందుకని సత్రంవారు పొట్టి వెంట్రుకల వాటిని ఉంచుకుని, పొడుగు వెంట్రుకల వాటిని కింద లోయలవారికి ఇచ్చేశారు. వాటి అందం చూసి జనం మోజుపడ్డారు. పోటీలకి పెంచడం మొదలైంది. ఎంత పెద్దదైతే అంత గొప్ప అనుకున్నారు. 1880లో సెయింట్ బెర్నార్డ్ అనే పేరు ఖాయమైంది. 1884లో స్విట్జర్లాండ్ కుక్కల వంశావళి పుస్తకం మొదలైతే అందులో మొదటి పేరు ఈ జాతిదే. 1887లో దీన్ని స్విస్ జాతిగా ఒప్పుకున్నారు.

లక్షణాలు

1. ఎత్తు: భుజం దగ్గర మగది 70 నుండి 90 సెంటీమీటర్లు, ఆడది 65 నుండి 80 సెంటీమీటర్లు.
2. రంగు: తెలుపు మీద ఎర్ర గోధుమ రంగు మచ్చలు. ఛాతీ, పాదాలు, తోక కొస తెల్లగా ఉంటాయి.
3. వెంట్రుకలు: పొట్టివి, పొడుగువి అని రెండు రకాలు.
4. గుణం: చాలా నెమ్మది. పిల్లలతో స్నేహంగా ఉంటుంది. కానీ బరువు వల్ల తెలియకుండానే పిల్లల్ని పడేయగలదు. చిన్నప్పుడే మాట వినడం నేర్పాలి.
5. కష్టాలు: నోటి నుండి చొంగ కారుతుంది. ఎండ తట్టుకోలేదు. తుంటి కీళ్ల జబ్బు, కడుపు మెలిపడే జబ్బు వస్తాయి.
6. ఆయుష్షు: సుమారు 8 నుండి 10 ఏళ్లు మాత్రమే.

ఇప్పుడు ఎలా ఉన్నాయి?

1964లో ఆ కొండ కింద సుమారు 5.8 కిలోమీటర్ల సొరంగం రోడ్డు తెరిచారు. చలికాలం కూడా బండ్లు అందులోనుండే వెళ్తాయి. ఆపదలో ఉన్నవారి కోసం హెలికాప్టర్లు వచ్చాయి. మంచు కింద మనుషుల్ని వెతకడానికి ఇప్పుడు లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి తేలిక కుక్కల్ని వాడుతున్నారు. సెయింట్ బెర్నార్డ్ బరువు హెలికాప్టర్‌కి కుదరదు. ఏ పని వల్ల పేరు వచ్చిందో, ఆ పనికే దాని ఒళ్లు అడ్డం అయింది. ఆ ఒళ్లు అది కోరుకున్నది కాదు, మనుషులు పెంచింది.

2005లో సత్రం కుక్కల్ని మార్టిన్యీ పట్టణంలోని బారీ ఫౌండేషన్ తీసుకుని పెంచుతోంది. ఎండాకాలం వాటిని కనుమ పైకి తీసుకెళ్తారు. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారి దగ్గరికి కూడా తీసుకెళ్తారు. ఎప్పుడూ ఒక కుక్కకి బారీ అని పేరు ఉంచుతారు.

చివరి మాట

ఈ కుక్క మనిషికి ప్రాణం ఇచ్చింది. మనిషి దానికి లేని పీపా తగిలించి, లేని చావు కథ కట్టి, మోయలేని బరువు ఇచ్చాడు. మన దేశంలో వేడి ఊళ్లలో కూడా కొందరు గొప్ప కోసం దీన్ని కొని పెంచుతున్నారు. అది పాపం కాదా?

ఇప్పుడు బారీయే లేచి వచ్చి కుక్కల పోటీకి వెళ్తే, చిన్నగా ఉందని పక్కన పెడతారు. మన ఊరి కుక్కల్ని కూడా మనం నాటుకుక్క అని తీసిపారేస్తాం. కానీ రాత్రి చేలోకి పంది వస్తే మొరిగి లేపేది అవే. పరాయి మనిషి వస్తే ముందు చెప్పేది అవే. గొప్ప ఒంటిలో లేదు, చేసే పనిలో ఉంది. మెస్ దగ్గరికి వచ్చే కుక్కల మీద రాళ్లు వేసేముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి)

1. బెర్నార్డ్ కనుమ ఏ రెండు దేశాల మధ్య ఉంది?
2. బారీ ఎక్కడ, ఏ సంవత్సరంలో చనిపోయింది?
3. చలికి కొయ్యబారిన మనిషికి సారా ఎందుకు పట్టకూడదు?
4. పొడుగు వెంట్రుకల కుక్కలు సత్రానికి ఎందుకు పనికిరాలేదు?

- 9వ తరగతి విద్యార్థిని