సర్కారు తుమ్మ, జమ్మి చెట్టు

తంజోంగ్ పగార్ పాత రైల్వే స్టేషను మీలో ఎంతమంది చూశారు? 2011 జూన్ వరకు అక్కడి నుంచి మలేసియాకు రైళ్ళు నడిచేవి. తర్వాత పట్టాలు చాలావరకు తీసేశారు. వుడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్ల ఆ దారిని రైల్ కారిడార్ అంటున్నాం. దాని పక్కన ఆల్బీజియా చెట్లు చాలా కనిపిస్తాయి. అవి బయటి నుంచి వచ్చినవి. ఖాళీ నేల దొరికితే చాలు, గబగబా పెరిగిపోతాయి. అందుకే అక్కడ సింగపూర్ సొంత మొక్కల్ని మళ్ళీ నాటుతున్నారు.

సింగపూర్‌లో వానలు బాగా పడతాయి. మరి వానలు తక్కువ పడే మన రాయలసీమలో ఇలాంటి పని ఎలా చేస్తారు?

ముందు ఒక కథ తెలుసుకోవాలి. 1877లో అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం జమైకా నుంచి ఒక రకం తుమ్మ విత్తనాలు తెప్పించింది. కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించింది. ఎండు నేలలో కూడా వంటచెరకు దొరకాలని వాళ్ళ ఆలోచన. జనం దాన్ని సర్కారు తుమ్మ అంటారు.

ఆ చెట్టు వేళ్ళు చాలా లోతుకు పోతాయి. దాని ఆకుల్ని మేకలు పెద్దగా తినవు గానీ, తియ్యటి కాయల్ని ఇష్టంగా తింటాయి. గింజలు అరగవు. పేడలో బయటపడి, మేకలు తిరిగిన చోటల్లా మొలుస్తాయి. చెరువుల్లో, పొలం గట్ల మీద ముళ్ళకంప పెరిగిపోతుంది. దాని కింద గడ్డి కూడా సరిగా పెరగదు.

కొట్టేస్తే సరిపోదా? సరిపోదు! మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. వేరు మొదలుతో సహా తవ్వి తీయాలి. తీశాక నేలను ఖాళీగా వదిలితే, మట్టిలో ఉన్న గింజలు మళ్ళీ మొలుస్తాయి. అందుకని వానలకు ముందే నీరు ఇంకడానికి కందకాలు తవ్వాలి. వేప, కానుగ, రేగు, జమ్మి లాంటివి నాటాలి. కొన్నేళ్ళు పశువులు మేయకుండా కాపలా కాయాలి.

ఇంకో చిక్కు ఉంది. చాలామంది పేదవాళ్ళు ఆ కంపనే కొట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. బొగ్గు చేసి అమ్ముకుంటారు. అంతా ఒక్కసారే తీసేస్తే వాళ్ళెలా బతుకుతారు? కాబట్టి కొంచెం కొంచెంగా, ఊరివాళ్ళతో కలిసి చేయాలి.

ఓపిక పడితే నేల కోలుకుంటుంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 32 ఎకరాల బీడు భూమిలో పని మొదలుపెట్టింది. మంటలు రాకుండా, పశువులు మేయకుండా కాపాడింది. కొన్నేళ్ళకు అక్కడ చెట్లూ పిట్టలూ తిరిగొచ్చాయి.

బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవా? కానే కాదు. మనం తినే మిరపకాయ, వేరుశనగ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే! వాటిని మనం నాటితేనే పెరుగుతాయి. దసరాకు పూజించే జమ్మి కూడా సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, దానికీ ముళ్ళున్నాయి. కానీ జమ్మి కింద పంట పండుతుంది. ఒక మొక్క ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, పక్కవాటికి చోటు ఇస్తుందా అని చూడాలి.

కొత్త మాటలు
వంటచెరకు: పొయ్యిలో పెట్టే కట్టెలు
మోడు: చెట్టు కొట్టేశాక మిగిలిన మొదలు
బీడు: పంట లేకుండా వదిలేసిన నేల

ఆలోచించి చెప్పండి
1. సర్కారు అంటే ప్రభుత్వం. ఆ తుమ్మకు ఆ పేరు ఎందుకు వచ్చి ఉంటుంది?
2. కంప తీసేశాక నేలను ఖాళీగా ఎందుకు వదలకూడదు?
3. మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్‌లో అడగండి: వాళ్ళ ఊళ్ళో ఈ చెట్టును ఏమంటారు?