ఆట ఆగిన తరువాత

సర్కసు డేరాలో సింహం నిప్పు వలయంలోంచి దూకడం మీ తాతగారో, నాన్నగారో చూసే ఉంటారు. మీరు చూసి ఉండరు. మరి ఆ సింహాలన్నీ ఏమైనట్లు?

వాటిలో కొన్ని తిరుపతికి వచ్చాయి. పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సర్కసుల వారు కోర్టుకు వెళ్ళారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. అప్పుడు సర్కసు జంతువుల కోసం దేశంలో కొన్నిచోట్ల రక్షణ కేంద్రాలు నెలకొల్పారు. శేషాచలం కొండల పాదాన ఉన్న శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలలో ఏర్పడినది వాటిలో ఒకటి.

“అడవిలో వదలిపెట్టవచ్చు గదా!” అంటారేమో. బోనులో పుట్టిన సింహానికి వేటాడడం రాదు. మనిషిని చూస్తే బెదరదు. ఆకలి వేస్తే నేరుగా ఊళ్ళోకే వస్తుంది. పైగా సర్కసు సింహాలలో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతులు కలిసినవి. గిర్ అడవిలోని మన సింహాలతో కలిస్తే ఆ జాతి స్వచ్ఛత పోతుంది. అందుకని వీటికి సంతానం కలగనీయకుండా, బ్రతికినంతకాలం పోషించడమే మార్గమయింది.

సముద్రంలో తిరిగే ఒక ప్రాణి విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. అది ఓర్కా. కిల్లర్ వేల్ అని పిలిచినా, నిజానికి డాల్ఫిన్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. మగది ఎనిమిది మీటర్ల దాకా పెరుగుతుంది. తల్లి వెంట గుంపుగా బ్రతుకుతుంది. ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రకం కూతలుంటాయి. సముద్రంలో స్వేచ్ఛగా ఉన్న ఓర్కా మనిషిని చంపిన దాఖలా ఒక్కటీ లేదు. తొట్లలో ఉంచినవి మాత్రం నలుగురి మరణానికి కారణమయ్యాయి. ‘కిల్లర్’ అనే పేరు ఎవరివల్ల సార్థకమైనదో మీరే ఆలోచించండి.

అంత పెద్ద జంతువు చెప్పినట్లు ఎలా వింటుంది? శిక్షకుడు ఈల వేసి వెంటనే చేప వేస్తాడు. కొన్నాళ్ళకు ఈల అంటే చేప అని దానికి తెలిసిపోతుంది. తరువాత అది నీటిపైకి ఎగిరినప్పుడు మాత్రమే ఈల వినిపిస్తుంది. గంట వినగానే చొంగ కార్చిన పావ్లోవ్ కుక్కను గూర్చి మీరు చదివి ఉంటారు. ఆ చొంగ కుక్క ప్రయత్నమేమీ లేకుండానే ఊరుతుంది. ఓర్కా అలా కాదు. ఒక పని చేసి, ఫలితం చూసి, మళ్ళీ చేస్తుంది. ఈ రెండవ రకం నేర్పును అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ ఎలుకల మీద, పావురాల మీద విపులంగా పరిశీలించాడు.

ఈ చదువులో ఒక ప్రమాదముంది. చేప మనిషి చేతిలోనే ఉంటుందని కూడా ఓర్కా నేర్చుకుంటుంది.

కీకో కథ వినండి. దీనిని 1979లో ఐస్‌లాండ్ దగ్గర, పసితనంలోనే పట్టారు. మెక్సికోలో ఆటలాడించారు. 1993లో వచ్చిన ‘ఫ్రీ విల్లీ’ సినిమాలో నటించాక, దానిని విడిచిపెట్టాలని పిల్లలు ఉత్తరాలు వ్రాశారు, చందాలు పోగుచేశారు. 1998లో విమానంలో ఐస్‌లాండ్‌కు చేర్చి, సముద్రంలోనే వల కట్టి, వేట నేర్పారు. 2002లో అది స్వేచ్ఛగా వెళ్ళింది. కాని అడవి ఓర్కాల గుంపులో కలవలేదు. సముద్రం దాటి నార్వే చేరి, మనుషులున్న రేవునే వెతుక్కుంది! పిల్లలు దాని వీపెక్కి ఆడుకున్నారు. 2003 డిసెంబరులో అక్కడే చనిపోయింది.

మన పొరుగున మద్రాసు దగ్గర కూడా 1998లో బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెప్పించి ఆటలు మొదలుపెట్టారు. నెలల్లోనే అవి చనిపోయాయి. 2013లో భారత ప్రభుత్వం ఇటువంటి ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని నిర్ణయించింది.

అమెరికాలోని సీవర్ల్డ్ సంస్థ తన ఓర్కాలకు ఇక సంతానం కలగనీయబోమని 2016లో ప్రకటించింది. తిరుపతి సింహాల విషయంలో అనుసరించిన పద్ధతే ఇది. అయితే ఆడ ఓర్కా ఎనభై ఏళ్ళ వరకు కూడా బ్రతకగలదు. 1969లో కెనడా తీరంలో పట్టుబడిన కార్కీ అనే ఆడ ఓర్కా యాభై ఏళ్ళు దాటినా తొట్టిలోనే ఉండిపోయింది.