రొమ్ము పటమునకు రెండవ చూపు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఖరగ్‌పూరుకు వలస వచ్చిన తెలుగు కుటుంబములకు, ఇంజనులో ఇద్దరుండుట ఎందుకో చెప్పనక్కరలేదు. లోకో పైలటును సహాయకుడును సిగ్నలు చూచి, ఒకరికొకరు పైకి చెప్పుకొందురు. రొమ్ము క్యాన్సరు పటములను చదువుటలోను ఇట్టి ఏర్పాటు కలదు. ఒక భేదము మాత్రమున్నది: ఇంజనులో ఒకరి మాట మరొకరు వినవలెను, ఇచట వినకుండుటయే మేలు.

మామోగ్రాము అనగా రొమ్మును రెండు పలకల నడుమ అదిమి తీయు ఎక్సురే పటము. దట్టమైన రొమ్ము అందు తెల్లగా కనబడును. గడ్డయు తెల్లగానే కనబడును. పైగా పటము తీయించుకొన్న వేయిమందిలో వ్యాధి బయటపడునది కొద్దిమందికే. వందలకొలది మంచి పటములను చూచిన కన్ను చెడ్డదానిని దాటిపోవుట వింత కాదు. అందుచే పెక్కు ఐరోపా దేశములలో ప్రతి పటమును ఇద్దరు వైద్యులు చదువుదురు. మొదటివాని అభిప్రాయము తెలిసినచో రెండవవాడు తెలియకయే దానివైపు మొగ్గును. ఇద్దరికిని పొత్తు కుదరనిచో కూడి చర్చింతురు, లేదా మూడవ నిపుణుడు తీర్పు చెప్పును.

రెండవ చూపు లాభమును కొలుచుటకు, అదనముగా దొరికిన క్యాన్సర్ల లెక్క చాలదు. ఆరోగ్యవతులు ఎందరు మరల పిలువబడి, భయముతో సూదిపరీక్షకు లోనైరో అదియు లెక్కింపవలెను. అందరిని పిలిచి కొందరిని పట్టుట నేర్పు కాదు.

వైద్యుల కాలమును విలువైనదే. స్వీడనులో 2021, 2022 సంవత్సరములలో సుమారు 80,000 మంది స్త్రీలను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గపు పటములను ఇద్దరేసి వైద్యులు చదివిరి. రెండవ వర్గమున కంప్యూటరు ముందుగా చూచి, అనుమానము తక్కువగా నున్న వానిని ఒకరికి, ఎక్కువగా నున్న వానిని ఇద్దరికి పంపెను. మొదటి వర్గమున వేయికి 5.1, రెండవ వర్గమున 6.1 క్యాన్సర్లు బయటపడెను; చదువు శ్రమ 44 శాతము తగ్గెను; అకారణముగా పిలువబడినవారు ఇరువైపుల 1.5 శాతమే.

మన దేశమున అందరికి మామోగ్రాము తీయు జాతీయ పథకము లేదు. 2016 నాటి మార్గదర్శకములు 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేయుమనుచున్నవి. ఆరోగ్య కార్యకర్త అనుమానించిన గడ్డను వైద్యుడు మరల పరీక్షించును. ఇచట రెండవ చూపు ఇదియే. 1998లో ముంబయిలో ఆరంభమైన టాటా స్మారక ఆసుపత్రి పరిశోధనలో 1,51,538 మంది స్త్రీలు పాల్గొనిరి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితోనే పరీక్షింపగా, 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు దాదాపు 30 శాతము తగ్గెను. అంతకు చిన్నవారిలో అట్టి తగ్గుదల కానరాలేదు.

మామోగ్రాముకు పోవు స్త్రీ పాత పటములను వెంట తీసికొనిపోవలెను. వానితో పోల్చినప్పుడే క్రొత్త మార్పు తెలియును. పటము బాగున్నదని వ్రాసి యిచ్చినను, చేతికి గడ్డ తగులుచున్నను, చర్మము సొట్టపడినను, చనుమొన నుండి నెత్తురు కారినను, ఆ కాగితముతో తృప్తిపడక వైద్యుని మరల చూడవలెను.