మంచుదారిలో నాలుగు చక్రముల బండి: దాని మన్నిక

ఏ యంత్రమునకైనను కొన్ననాటి మెరుపును బట్టి కాక, పదేండ్ల పిదప అది పనిచేయు తీరును బట్టి విలువ కట్టవలెను. ఈ విషయమును వివరించుటకు జపానుదేశపు సుబారు వ్యాగనును మేము ఉదాహరణముగా గ్రహించితిమి.

సాధారణముగా కారులో ఇంజను శక్తి రెండు చక్రములకే అందును. మంచుమీద ఆ రెండును పట్టు తప్పినచో బండి కదలదు. నాలుగింటికిని శక్తి అందినచో, పట్టున్న చక్రములు బండిని ముందుకు నడుపును. ఉత్తర జపానులోని మంచుకొండలలో తీగలను తనిఖీ చేయుటకు జీపుకంటె సుఖమైన బండి కావలెనని తోహోకు విద్యుత్ సంస్థ కోరగా, 1971లో నమూనా బండ్లు తయారైనవి. 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాను, 1989లో లెగసీ, 1990 దశకము మధ్యలో అవుట్‌బ్యాక్ వెలువడినవి.

1989లో అమెరికాలోని అరిజోనాలో లెగసీ సెడాను గంటకు సగటున 223 కి.మీ. వేగముతో లక్ష కిలోమీటర్లు పరుగెత్తి రికార్డు స్థాపించినది. అందుకు పట్టినది సుమారు 19 దినములు. అయితే 19 దినముల పరీక్ష వేరు, 19 ఏండ్ల కాపురము వేరు. చలిలో ఇంజనును మాటిమాటికి ఆపి నడుపుట, రోడ్లపై చల్లు ఉప్పు వలన తుప్పు, రబ్బరు ముదురుట, ఇవి ఇంటిబండికి నిజమైన పరీక్షలు.

యజమాని ముఖ్యముగా మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది టైర్లు. నాలుగింటి చుట్టుకొలతయు సమానముగా ఉండవలెను. అరిగిన మూడింటి నడుమ ఒక్క క్రొత్త టైరును బిగించినచో, తిన్నని దారిలోను చక్రముల వేగములలో భేదమేర్పడి, శక్తిని పంచు భాగములు వేడెక్కి చెడును. అది పొదుపు కాదు, నష్టము.

రెండవది టైమింగ్ బెల్టు. పలు ఇంజనులలో ఇది తెగినచో కవాటములు పిస్టన్లకు తగిలి ఇంజనే పాడగును. కావున తెగకముందే మార్చవలెను. 2010 నుండి వచ్చిన ఎఫ్.బి. తరగతి ఇంజనులలో బెల్టునకు బదులు గొలుసు అమర్చిరి.

మూడవది హెడ్ గాస్కెట్. 1990 దశకాంతము నుండి కొన్నేండ్లపాటు వచ్చిన రెండున్నర లీటర్ల ఇంజనులలో ఇది కారుట ప్రసిద్ధమైన లోపము. నూనె మరకలు, తగ్గుచున్న శీతల ద్రవము, హెచ్చుచున్న వేడి దీని ముందస్తు గుర్తులు. వేడెక్కిన ఇంజనును అట్లే నడుపుట ప్రమాదకరము.

ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి, పరిమితమైన ధనముతో పాతబండి కొను మన విద్యార్థులకు ఈ మాటలు ఉపయోగింపగలవు. కొనుటకు ముందు బండి అడుగుభాగమునందలి తుప్పును, టైర్లను, మరమ్మతుల చిట్టాను పరిశీలింపవలెను. చిట్టా లేని బండికి వెల తగ్గించి అడుగుట న్యాయమే. మరమ్మతు చేయించవలెనా, అమ్మవలెనా అను సందేహము కలిగినపుడు, ఏడాది మరమ్మతుల ఖర్చును వేరొక నమ్మదగిన బండికగు ఖర్చుతో పోల్చి నిర్ణయింపవలెను. చట్రమును తుప్పు తినినచో ఇంజను ఎంత బాగున్నను లాభము లేదు.

ఇంకొక మాట మరువరాదు. నాలుగు చక్రముల శక్తి బండిని కదల్చునే గాని, మంచుపై త్వరగా ఆపలేదు. కదలుట సులభమగుటచే వేగమును పెంచినవారే ఆపలేక ప్రమాదమునకు గురియగుదురు. యంత్రమిచ్చు ధైర్యమునకు మన జాగ్రత్త తోడైననే ప్రయాణము క్షేమకరమగును.