తాతగారి ఫైలు కోసం విండోస్ 98

ఒక్క ఫైలు తెరవడానికి ఏకంగా ఒక పాత కంప్యూటరునే తయారు చేసుకోవలసి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అవనిగడ్డలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన మా తాతగారు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి 60 పేజీలు రాసుకున్నారు. 2001లో నాన్న వాటిని విజయవాడలో ఒక డి.టి.పి. సెంటరులో టైపు చేయించారు. ఇళ్ళు మారడంలో చేతిరాత ప్రతి పోయింది. తాతగారూ లేరు. మిగిలింది ఒక సీడీ. నేను ఇండియా వెళ్ళినప్పుడు నాన్న దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వు చేసేది కంప్యూటర్ల పనే కదరా, ఇదేదో చూడు" అన్నారు.

న్యూజెర్సీ వచ్చి చూస్తే సీడీ బాగానే ఉంది, ఫైలు మాత్రం తెరుచుకోలేదు. అది పేజ్‌మేకర్ 6.5 ఫైలు. 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో పేజ్‌మేకర్ కథ ముగిసింది. పైగా అందులోని తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. ఆ రోజుల్లో డి.టి.పి. ఫాంట్లలో తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గళ్ళలో కూర్చోబెట్టేవారు. ఉన్న గళ్ళే 256. సరైన ఫాంటు ఉంటే అది తెలుగు. లేకపోతే పిచ్చి గీతలు.

అంటే నాకు కావలసినవి మూడు: పాత విండోస్, పాత పేజ్‌మేకర్, పాత ఫాంటు. అదృష్టం కొద్దీ ఆ ఆపరేటరు ఫాంటును కూడా సీడీలో వేసి ఇచ్చాడు. పేజ్‌మేకర్, విండోస్ 98 అసలు సీడీలు, వాటి నంబర్లతో సహా, మా బాబాయి బీరువాలో దొరికాయి. ఇక కావలసింది ఆ కాలపు కంప్యూటరు.

దాన్ని కొననక్కరలేదు. ఒక కంప్యూటరులో సాఫ్టువేరుతో మరో కంప్యూటరును సృష్టించవచ్చు. దీన్నే వర్చువల్ మెషీన్ అంటారు. ఆలోచన కొత్తది కాదు, ఐ.బి.ఎం. 1960లలోనే తన పెద్ద యంత్రాల మీద చేసి చూపింది. మా బేస్‌మెంటులో లినక్స్‌తో నడిచే చిన్న సర్వరు ఒకటుంది. అందులో క్యూఎము, కె.వి.ఎం. అనే ఉచిత సాఫ్టువేర్లు ఈ పని చేస్తాయి. లోపలి విండోస్‌కు తాను నిజమైన యంత్రం మీదే ఉన్నాననిపిస్తుంది.

మీరూ ప్రయత్నించేటట్లయితే ఈ క్రమం పాటించండి.

మొదట సీడీకి పూర్తి నకలు తీసి, ఆ నకలుతోనే పని చేయండి. పాత సీడీ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం.

రెండు, ఉదారంగా ఉండకండి. నేను మొదట 2 జీబీ మెమరీ ఇచ్చాను. విండోస్ 98 లేవనే లేదు. 512 ఎంబీ దాటితే దానికి తబ్బిబ్బు. 256 ఎంబీ మెమరీ, 4 జీబీ డిస్కు ఇస్తే హాయిగా నడిచింది.

మూడు, నెట్‌వర్క్ కార్డు తీసేయండి. విండోస్ 98కు భద్రతా సవరణలు 2006 జులైలోనే ఆగిపోయాయి. దాన్ని ఇంటర్నెట్‌కు కలపడమంటే తలుపులు తీసి పడుకోవడమే. ఫైళ్ళను సీడీ నకలు రూపంలో లోపలికి పంపండి. బయటికి తేవాలంటే వర్చువల్ మెషీన్‌ను ఆపి, దాని డిస్కును లినక్స్‌లో తెరవండి.

నాలుగు, లోపల ఒక పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటరును పెట్టి, కాగితానికి బదులు ఫైలులోకి ప్రింటు చేయండి. ఫాంటును కూడా అందులో చేర్చమని చెప్పడం మరవకండి. ఆ ఫైలును లినక్స్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ పీడీఎఫ్‌గా మారుస్తుంది.

ఆ రాత్రి మొదటి పేజీ తెర మీదికి వచ్చింది. బడి మళ్ళీ తెరిచిన రోజు హాజరు పట్టీలో పిలిచినా పలకని పిల్లల పేర్లతో మొదలుపెట్టారు తాతగారు. నేను ఆ పేజీ దాటడానికి చాలాసేపు పట్టింది.

పీడీఎఫ్‌తో పని అయిపోలేదు. అది బొమ్మ లాంటిది. చదవచ్చు గాని, అందులో ఒక పేరు వెతకలేం. అందుకే ఇప్పుడు నాన్న, నేను వారానికి రెండేసి పేజీలు యూనికోడ్‌లో తిరిగి టైపు చేస్తున్నాం.

ఇందులో నేను నేర్చుకున్నదొకటుంది. 1990లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో రాసుకున్న తెలుగు ఈనాటికీ ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది. కారణం, అది సాదా టెక్స్టు. ఎంతో అందంగా అచ్చుకు సిద్ధం చేసిన మా ఫైలుకే ఇంత తతంగం కావలసి వచ్చింది.

మీ ఇంట్లోనూ అలాంటి సీడీలు ఉంటే ఈ వారాంతంలోనే బయటికి తీయండి. ఫైలుతో పాటు ఫాంటునూ, సాఫ్టువేరు సీడీనీ దాచండి. మరీ ముఖ్యంగా, సాదా యూనికోడ్ ప్రతి ఒకటి తయారు చేసి పెట్టండి. మన మనవలకు మన వర్చువల్ మెషీన్ వెతుక్కునే పని తప్పుతుంది.