తుఫాను షెల్టర్లు ఏ ఊళ్లలో కట్టాలి?

రాజమండ్రి దిగువన ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వాటి నడుమ సముద్రం దాకా పరచుకున్న పల్లపు నేలే కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వందలాది ప్రాణాలను బలిగొంది. కొబ్బరితోటలు నేలకూలాయి. అలాంటి వేళ తలదాచుకోవడానికి తీరగ్రామాల్లో ఎత్తైన స్తంభాల మీద తుఫాను షెల్టర్లు కడతారు. ఊరికొకటి కట్టాలంటే డబ్బు చాలదు. మరి ఏ ఊళ్లలో కట్టాలి? లెక్క వేసి చూద్దాం.

ఒక లంకను ఊహించుకోండి. దాని చుట్టూ గట్టు వెంట వరసగా క, చ, ట, త, ప అనే అయిదు ఊళ్లున్నాయి. ప పక్కన మళ్లీ క వస్తుంది. ఒక ఊళ్లోని షెల్టరుకు ఆ ఊరివారూ, ఇరుపక్కల ఊళ్లవారూ మాత్రమే వేళకు నడిచి చేరగలరు.

ఊళ్లో షెల్టరు కడితే దాని అక్షరం విలువ 1, కట్టకపోతే 0 అనుకుందాం. క ఊరివారికి రక్షణ దొరకాలంటే ప + క + చ మొత్తం 1కి తగ్గకూడదు. ఇలా ఊరికొకటి చొప్పున అయిదు నియమాలు వస్తాయి. అయిదింటినీ కూడండి. ప్రతి అక్షరమూ మూడుసార్లు వస్తుంది. అంటే షెల్టర్ల మొత్తం 5/3కు తగ్గకూడదు.

భిన్నాలను ఒప్పుకుంటే, ఊరికి మూడోవంతు షెల్టరు చాలునంటుంది లెక్క! అందులో ఎవరు తలదాచుకోగలరు? దాన్ని 0 చేస్తే ఒక్కటీ మిగలదు, 1 చేస్తే అయిదూ కట్టాలి. 5/3 తర్వాతి పూర్ణాంకం 2. క, ట ఊళ్లలో కట్టి చూడండి, అందరికీ అందుతాయి. కనుక రెండే జవాబు.

విలువలు పూర్ణాంకాలే కావాలని పట్టుబట్టే ఈ గణితాన్ని పూర్ణాంక ప్రోగ్రామింగ్ అంటారు. ఊళ్లు 50 అయితే, పరిశీలించవలసిన ఏర్పాట్ల సంఖ్య 1 పక్కన 15 సున్నాలు పెట్టినదానికన్నా పెద్దది. అన్నీ చూడనక్కరలేదని 1960లో ఐల్సా లాండ్, అలిసన్ డోయిగ్ అనే ఇద్దరు మహిళలు చూపారు. ‘ఇక్కడ కడితే’, ‘కట్టకపోతే’ అని కొమ్మలుగా చీల్చి, లాభంలేని కొమ్మను మొదట్లోనే నరికివేయడం వారి పద్ధతి. నేటి కంప్యూటర్లకూ ఇదే ముఖ్యమైన దారి.

మీరు చేయండి: ప, క ఊళ్ల మధ్య గట్టుకు గండి పడి దారి తెగింది. క, ట షెల్టర్లు చాలతాయా? చాలకపోతే ఏ రెండు ఊళ్లలో కట్టి ఉండవలసింది?

జవాబు: చాలవు. ప ఊరివారు చిక్కుపడిపోతారు. చ–త, చ–ప, క–త జంటల్లో ఏదైనా సరే, గండి పడినా అందరినీ కాపాడుతుంది.