ఉపాధ్యాయుని చదువు

విద్యార్థి చదువు పరీక్షతో ముగియవచ్చును. ఉపాధ్యాయుని చదువునకు ముగింపు లేదు. మరాఠీ సీమలో తెలుగున బోధించు చంద్రపూరు ఉపాధ్యాయునకు ఈ మాట మరింత వర్తించును.

ఒక ఉదాహరణము చూతము. ఆకు సూర్యకాంతితో ఆహారము తయారుచేసికొనుటను మనము ‘కిరణజన్య సంయోగక్రియ’ అందుము. మరాఠీవారు ‘ప్రకాశసంశ్లేషణ’ అందురు. ‘గురుత్వాకర్షణ’ మాత్రము ఉభయులకు ఒకటే. తెలుగు మాట మాత్రమే నేర్చిన బాలుడు పైచదువులకు మరాఠీ తరగతిలో చేరినచో, తెలిసిన విషయమే తెలియనిదిగా తోచును. అది బుద్ధిలోపము కాదు, పదలోపము.

సహాయము లేకపోలేదు. 1967లో పుణేలో ఏర్పడిన బాలభారతి పాఠ్యపుస్తకములు ప్రచురించిన భాషలలో తెలుగు కలదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘దీక్ష’ డిజిటల్ వేదికయందు ఉపాధ్యాయ శిక్షణ పాఠములు కలవు. ఐనను రెండు భాషల పదములను జతపరచు పట్టికను ఉపాధ్యాయుడే వ్రాసి తరగతి గోడకు తగిలింపవలెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు బోధింపగోరి, మొదట తామే సవరభాష నేర్చిరి. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసిరి.

బోధనోపకరణములకై దూరము పోనక్కరలేదు. వార్ధాలోయ బొగ్గుపొరల నడుమ దొరకు రాతిపలకలపై ప్రాచీన వృక్షముల ఆకుముద్రలు కానవచ్చును. అట్టి రాయి యొకటి తరగతికి వచ్చినచో, బొగ్గు పుట్టుక పాఠము కన్నులకు కట్టినట్లుండును.

తలిదండ్రులారా! మీ పనిచోట వినబడు మరాఠీ పదములను పిల్లలచేత వ్రాయించి పంపుడు. విద్యార్థులారా! వాటి ప్రక్కన తెలుగు మాటలను చేర్చుడు. మీరు తెచ్చిన పదము మీ గురువునకును పాఠమే.